కొళాయి ఆట

“అమ్మాయ్, నీళ్ళొచ్చినాయి చూడు,” అని అత్తగారు భాగీరథమ్మ మంచం మీదనుంచే కేకేసింది. కార్పొరేషన్ నీళ్ళు రోజు విడిచి రోజు గంటసేపే వస్తాయి. హరిణి ఆరేళ్ళుగా వాటికోసం పరుగెత్తుతూనే ఉంది. బిందెలు, బకెట్లు, డ్రమ్ము, స్నానాల గదిలో తొట్టి, వీటిలో ఏది ముందు నింపాలి, ఏది తర్వాత అన్న లెక్క ఆ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు కూడా.

ఆ లెక్కతోనే ఆమె ఒక కంప్యూటర్ ఆట తయారుచేసింది. కూతురు అక్షర పుట్టాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మాన్పించారు గాని, వచ్చిన విద్యను ఎవరు మాన్పించగలరు? పాప బడికి పోయి, వంటయ్యాక, అత్తగారు కునుకు తీసే రెండు గంటల్లో ఏడాదిన్నరపాటు కూర్చుని చేసింది. నీళ్ళు ఆగిపోయేలోపు ఇంట్లో ఉన్నవన్నీ నింపాలి, అంతే ఆట. మొదటి పది లెవల్స్ ఉచితం. ఆపైన ఆడాలంటే డబ్బు కట్టాలి. కట్టినవాళ్ళకు మిగతా ఆట తెరుచుకునే నంబరు ఈమెయిల్లో పంపుతుంది. కంపెనీ అండ లేకుండా ఆట అమ్ముకోవడానికి 2005లో ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

పొరపాటు ఒక్కచోట జరిగింది. ఆట అమ్మిపెట్టే వెబ్‌సైట్ వాళ్ళు నెలనెలా చెక్కు పోస్టులో పంపేవాళ్ళు. ఉద్యోగంతోపాటే ఆమె జీతం ఖాతా కూడా మూతపడింది. చెక్కు భర్త లలిత్ ఖాతాలోనే కదా పడేది అని, ఫారంలో ‘తయారుచేసినవారు’ అన్నచోట అతని పేరు రాసింది. బడిలో చేర్చేటప్పుడు బిడ్డకు తండ్రి పేరు రాసినంత మామూలుగా రాసేసింది.

అప్పటినుంచి ఎక్కడెక్కడి వాళ్ళో ‘డియర్ లలిత్’ అంటూ ఉత్తరాలు రాసేవాళ్ళు. భర్త పోయాక ఈ ఆటే తనకు తోడని ఒకావిడ రాసింది. హరిణి అది చదివి ఏడ్చి, పెద్ద జవాబు రాసి, కింద లలిత్ అని పెట్టింది. ఆ ఇంట్లో తిన్నావా అని హరిణిని అడిగే దిక్కు లేదు. మనసు విప్పి రాసే ఒక్క మనిషీ ఆమెను మగవాడనుకుంటోంది. ఇంతకన్నా ఒంటరితనం ఇంకేముంటుంది?

“టైంపాస్‌కి బాగానే ఉంది లే,” అనేవాడు లలిత్. “కరెంటు బిల్లుకన్నా వస్తాదా?” అనేది అత్తగారు. మొబైల్ ఆటల కంపెనీ ఒకటి ఆటను హక్కులతో సహా కొంటామని రాసేసరికి మాత్రం అది ‘మన గేమ్’ అయి కూర్చుంది. ఒక్కసారి డబ్బిచ్చేస్తారు. ఆపైన పేరు మార్చినా, బొమ్మలు మార్చినా అడగడానికి ఉండదు. “అమ్మకాల్లో షేర్ అంటే ఎవరు నమ్ముతారు? లంప్‌సమ్ తీసుకుంటే కార్ డౌన్‌పేమెంట్ అయిపోతుంది,” అని లలిత్ తేల్చేశాడు. ఆమెను అడగలేదు. సంతకం చేయాల్సింది అతనే కదా.

ఆదివారం కంపెనీ తరఫున ఓంకార్ అనే అతను కాగితాలతో ఇంటికొచ్చాడు. ఆటంతా శ్రద్ధగా ఆడి వచ్చిన మనిషి.

“సార్, పదకొండో లెవల్లో డ్రమ్ము నిండబోతుంటే ధార సన్నబడిపోతాది. కొంచెంసేపటికి మళ్ళా పెరుగుతాది. ఎందుకట్ల పెట్టినారు? మా టీమ్‌లో బగ్ అంటుండారు.”

లలిత్ గొంతు సవరించుకున్నాడు. “అది... రాండమ్ లాజిక్ అప్పా,” అని వంటింటివైపు చూశాడు.

అతనికి మాట అందించడం ఆమెకు అలవాటే. ఈసారి హరిణి పొయ్యి ఆర్పి, బయటికొచ్చి, వాళ్ళ ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“పై ఇంటివాళ్ళు మోటారు వేస్తారండీ. అప్పుడు కింద మనకు సన్నబడుతుంది. వాళ్ళ ట్యాంకు నిండేదాకా డ్రమ్ము వదిలేసి చిన్న బిందెలు పట్టుకోవాల. పట్టేవాళ్ళకు తెలుస్తుంది.”

ఓంకార్ ఆమెను చూసి, లలిత్‌ను చూశాడు. “అయితే మేడమ్, ఈ గేమ్...”

“నేను చేసినాను. హక్కులు అమ్మను. అమ్ముడుపోయిన ప్రతి ఆటకూ వాటా ఇచ్చేటట్లయితే, నా పేరున కాగితం రాసుకొని రండి. ఆట రాసిన అసలు ప్రోగ్రామంతా నా దగ్గరే ఉంది. ఎవరు సంతకం పెట్టినా అది మీకు రాదు.”

భాగీరథమ్మ గదిలోంచి తొంగిచూసింది. లలిత్ నవ్వబోయి మానుకున్నాడు.

“హరిణీ, ఇదంతా మనం ఇంట్లో మాట్లాడుకుందాం లే,” అన్నాడు మెల్లగా.

“ఇంట్లో నాతో మాట్లాడేదెవరు?” అంది హరిణి.