పన్నెండు మీద ఆగిన దుర్భిణి

నా అల్లుడు రూమెన్ తుపాకీని నేను ముట్టుకున్నాను. అందులో గుళ్ళు లేవు. అయినా ముట్టుకోకుండా ఉండవలసింది.

ఆ శనివారం పొద్దున పొగమంచు వాకిలి దాకా వచ్చింది. రూమెన్, నా కొడుకు జెల్యో వంటింట్లో జున్ను రొట్టె తింటున్నారు. ఇద్దరూ అడవిపందుల వేటకు వెళుతున్నారు. జెల్యో కుక్కలతో అడవిలో దిగి అరుస్తూ పందులను తోలుతాడు. రూమెన్ అవతలి వరుసలో ఐదో చోట తుపాకీతో కాపు కాస్తాడు. బుర్గాస్‌లో పుట్టిపెరిగిన పట్నవాసి. అతనికి వేటలో ఇదే మొదటి ఏడాది.

వారం కిందట వేట పెద్ద దోబ్రి అతని తుపాకీ మీది కొత్త దుర్భిణి చూశాడు. మా గుబురుల్లో పంది ముప్పై నలభై అంగల దూరంలోనే దాటుతుందని, దుర్భిణి గొట్టం మీద ఎన్ని రెట్లు చూపాలో మార్చే అంకెల చుట్టును ఒకటి మీదే ఉంచమని చెప్పాడు. రూమెన్ నవ్వి, పన్నెండు రెట్లు చూపించేదాన్ని ఒకటి మీద పెట్టుకోవడమంటే కళ్ళద్దాలు కొని జేబులో వేసుకోవడమేనన్నాడు. చుట్టును ఆరు మీదే ఉంచాడు.

అక్షరాలు నేను నలభయ్యో ఏట సొంతంగా నేర్చుకున్నాను. దొరికిన కాగితమల్లా చదువుతాను. దుర్భిణి పెట్టెలోని కాగితమూ చదివాను. ఒకటి మీద ఉంచితే వంద మీటర్ల అవతల నలభై మీటర్ల వెడల్పు కనిపిస్తుందట. పన్నెండు మీద మూడే మీటర్లు. నలభై అంగల దూరంలో అయితే ఒక మనిషి బారెడు కూడా ఉండదు. అందులో పంది పడితే, పక్కనున్న నా కొడుకు ఎక్కడ పడతాడు?

వాళ్ళు తింటుండగా, తుపాకీ ఆనించి ఉన్న నడవలోకి వెళ్ళి, చుట్టును ఒకటి మీదికి తేవాలని కాగితంలో చెప్పినట్టు ఎడమకు, ఆగేదాకా తిప్పాను. కళ్ళద్దాలు పెట్టుకోలేదు.

మా ఆయన రొట్టె మూట చంకన పెట్టుకుని గనికి వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటినుంచి గడప దాటేవాళ్ళ వీపు మలుపు తిరిగేదాకా చూస్తాను. ఆ రోజూ చూశాను. తరువాత మనసు ఆగక, కళ్ళద్దాలతో కాగితం మళ్ళీ చదివాను. తుపాకీ మడమ వైపు, అంటే భుజానికి ఆనించే వైపు, నిలబడి ఎడమకు తిప్పమని ఉంది. నేను నిలబడింది గొట్టం వైపు.

వేట జరిగే లోయలో ఫోన్లు పలకవు. కోటు వేసుకుని, వేటగాళ్ళ జీపు ఆగే రోడ్డు మలుపుకు నడిచాను. కింద కుక్కలు మొరుగుతున్నాయి. తుపాకీ మోత కోసం చెవులు రిక్కించాను, వినబడకూడదనీ కోరుకున్నాను.

జీపు దగ్గర దోబ్రి ఉన్నాడు.

"ఏం వదినా, పందుల్ని నువ్వూ తోల్తావా?" అన్నాడు.

"రూమెన్ దుర్భిణి పన్నెండు మీదుంది. తిప్పింది నేనే. ఆపించు."

అతని ముఖంలో నవ్వు పోయింది. వాకీటాకీలో ఐదో చోటును రెండుసార్లు పిలిచాడు. జవాబు లేదు. అప్పుడు కొమ్ము తీసి ఊదాడు. కొమ్ము వినబడితే అందరూ గుళ్ళు తీసేయాలి.

మోత వినబడలేదు. కుక్కల అరుపులూ ఆగాయి.

ముందు రూమెన్ వచ్చాడు, గుళ్ళు తీసేసి, తెరిచి పట్టుకున్న తుపాకీతో. అతని పెదాలు తెల్లబడ్డాయి. నన్ను చూసి నేల మీద కూర్చున్నాడు.

"అత్తయ్యా, దుర్భిణి నిండా వెంట్రుకలే కనబడ్డాయి. పందే అనుకున్నా. వేలు మీట మీదుంది. కొమ్ము విని తలెత్తితే అది మన కుక్క. ముళ్ళలోంచి దాన్ని లాగుతూ బావ."

చుట్టు సంగతి దోబ్రి అతనికి చెప్పాడు. రూమెన్ నన్ను తప్పుపట్టలేదు. ఆరు మీద ఉన్నా చూడకుండానే పేల్చేవాణ్ణేమో అని మాత్రం అన్నాడు.

జెల్యో గీసుకుపోయిన చేతులతో వచ్చి, ఇంత చలిలో ఎందుకొచ్చావని కసిరాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అవతలి గట్టు మీది పందుల్ని ఇంకా తోలవలసి ఉంది.

రూమెన్ తుపాకీని జీపులో పెట్టి తాళం వేయించాడు. ఒక కర్ర తీసుకుని, జెల్యో వెనకే అడవిలోకి దిగాడు. వరుసలో ఇంకా తొమ్మిది తుపాకులు ఉన్నాయి. వాటి దుర్భిణులు దేనిమీద ఉన్నాయో నేను చూడలేదు.