గుర్రానికి వాంతి రాదు

గుర్రానికి వాంతి రాదు, అదొక్కటే గుర్తుంది, ఇరవై ఆరేళ్ళ కిందట కాలేజీ వెనక బెంచీలో కునుకుతూ విన్న గుర్రం పాఠాల్లో మిగిలింది అదొక్కటే, ఆవుకైతే కడుపు నాలుగు గదుల ఇల్లు, త్రేన్పు ఉంది, నెమరు ఉంది, మింగినదాన్ని తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని మళ్ళీ ఆలోచించుకునే వసతి ఉంది, గుర్రానికి ఒక్కటే గది, తోసుకుని లోపలికి పోవడమే గాని వెనక్కి తెరుచుకోని వాకిలి, పాపం ఒంటిగది కాపురం, అనుకుంటూ పశువుల డాక్టరు మునిశేఖర్ చుక్కి డొక్కకు స్టెతస్కోపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు, ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన, కుడి కింద, నాలుగు చోట్లా వినాలి, బాగున్న గుర్రం కడుపు మదనపల్లె బస్టాండులాగా ఎప్పుడూ ఏదో ఒకటి గుడగుడమంటూ బయల్దేరుతూ ఉండాలి, ఇక్కడ బందు రోజు, ఒక్క బస్సూ కదలడం లేదు, కడుపులోంచి కడపకు కూడా బస్సు లేదు అనే మాట నాలుక చివరికి వచ్చేసింది, ఎవరికి చెప్పాలి, ఎదురుగా గుర్రం సొంతదారు నల్లప్ప పగ్గం పట్టుకుని, పక్కన అతని భార్య ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, ఇద్దరూ గుర్రాన్ని చూడడం లేదు, తన ముఖాన్నే చూస్తున్నారు, డాక్టరు ముఖంలో ఏదో రాసి ఉంటుందని, సారూ ఏమన్నా వినపడతాండాదా అని నల్లప్ప, ఉండప్పా, వింటాండా, నువ్వు ఊపిరి బిగబట్టు, నీదే వినపడతాండాది, అన్నాడు, ఎల్లమ్మ నవ్వబోయి మానుకుంది, మునిశేఖర్ అంటే నవ్వించే డాక్టరు కదా, ముని అని పేరు పెట్టుకుని మౌనం ఎరగని మనిషి, సూది గుచ్చే ముందు గొడ్డుకు కాదు, గొడ్డుగలవాళ్ళకు మత్తిస్తాడని పుంగనూరు చుట్టుపక్కల పేరు.

చుక్కికి నుదుట తెల్లచుక్క, ఒళ్ళంతా ఎర్రమట్టి రంగు, ఇప్పుడు చెమటకు నల్లబడి మెడ మీద నురగ, ఉండుండి తల తిప్పి తన డొక్కను తనే చూసుకుంటోంది, లోపల ఎవరో పిలిచినట్టు, ముందుకాలితో నేల గీరుతోంది, దవడ కింద నాడి పట్టుకుంటే నిమిషానికి డెబ్భై రెండు, ముప్పై ఆరు ఉంటే చాలు, చిగుళ్ళు ఇటుకరాయి రంగు, కుప్పంలో పశువుల శిబిరం వదిలి జీపు ఎక్కి పలమనేరు మీదుగా పుంగనూరు దాటి ఈ పల్లెకు వచ్చేసరికి పన్నెండు, తను కుప్పంలో ఉండగానే ఇక్కడ ఇది కుప్పకూలింది, లేపి నడిపించినారట, మళ్ళీ పడి పొర్లిందట, ఏం తినింది నల్లప్పా రాత్రి, అంటే ఉలవలు సారూ, అంత మాత్రమే, నిన్న పెండ్లి ఊరేగింపులో ఇంటికొక దోసిలి, ఎప్పుడూ పెట్టేదే గదా, అవును, ఈ ఊళ్ళో ఊరేగింపు గుర్రం ఏ వాకిట ముందు ఆగితే ఆ ఇంటామె దోసిలితో గుగ్గిళ్ళు పెట్టాలి, ఉలవలు ఉడికించిన నీళ్ళు పెండ్లివారి చారుకు, ఉడికిన గింజ గుర్రానికి, చారు మనకు, సారం దానికి, ఎవరు పెట్టారో గాని ఇన్నేళ్ళూ ఎవరికీ కడుపు నొప్పి రాని పద్ధతి, నిన్న మాత్రం చారు క్యాటరింగువాళ్ళే తెచ్చినారట, ఉడికించే పని ఎవరికీ లేదు, ఆనవాయితీ మాత్రం మానకూడదు కదా, నలభై ఇండ్ల ఆడవాళ్ళు నలభై దోసిళ్ళు పచ్చి ఉలవలు పెట్టినారు, ఇంటికొచ్చి ఇది తొట్టి నీళ్ళు తాగింది, ఉలవ ఊరదా, ఊరంతా పెట్టింది ఊరకుండా ఉంటుందా, ఛీ, ఇప్పుడు కూడానా, నోరు మూసుకో మునిశేఖరూ, నోరు మూసుకో.

గోడకు ఆవులకు మందు పోసే వెదురు గొట్టం ఆనించి ఉంది, కడిగి, తలకిందులుగా, ఎండకు, వచ్చినప్పుడే చూశాడు, చూడనట్టు మెడ నరం వెతికి నొప్పి సూది వేశాడు, జీపులోంచి సన్న గొట్టం తీశాడు, ఎనిమిదేళ్ళ కిందట గౌతమ్ ఇచ్చింది, తనతో చదివినవాడు, బెంగుళూరులో రేసు గుర్రాలు చూస్తాడు, ఒరే శేఖరా గుర్రానికి ఎప్పుడూ ముక్కులోంచే వెయ్యాల, నోట్లో పొయ్యగూడదు, గుర్తు పెట్టుకో అని చెప్పి మరీ ఇచ్చాడు, తను దాన్ని పాత పేపర్లో చుట్టి సీటు కింద పెట్టేశాడు, ఆ పేపరు ఇప్పుడు పసుపు పచ్చగా పొడిపొడిగా రాలిపోతోంది, గొట్టానికి నూనె రాసి, నూనె, ఆ మాట దగ్గర మనసు మొరాయించిన ఎద్దులా పక్కకు తిరిగింది, ముక్కు రంధ్రంలోంచి మెల్లగా, గొంతు తగిలేచోట ఆగి, మింగమ్మా, మింగు తల్లీ, ఒక్క గుటక, అది గుటక వేసిన క్షణంలో లోపలికి తోసి, మెడ ఎడమ పక్క చర్మం కింద గొట్టం పాము పాకినట్టు దిగడం కంటితో చూసుకుని, చివర వాసన చూస్తే పులిసిన కుడితి వాసన, హమ్మయ్య, సరైన దారే, బుస్సుమని గాలి, దాని వెనక ఉలవపొట్టు నురగ బకెట్టులోకి, నల్లప్ప బకెట్టు పట్టుకుని దేవుడికి తీర్థం పట్టినంత భక్తిగా నిలబడ్డాడు, మీరు పొద్దన్నే చెప్పింటే గదా సారూ ఈమాత్రమన్నా నిలబడింది, అన్నాడు, మీరు చెప్పినట్టే అర లీటరు శనగనూనె గొట్టంతో పట్టిస్తిమి, నేను నాలుక పట్టి లాగితే మా ఆడమనిషి తల దూలానికి ఎత్తి కట్టి పోసింది, ఆవులకు పోసి పోసి చెయ్యి తిరిగినాది గదా, అంటే ఎల్లమ్మ సిగ్గుపడుతూ, ఒక చుక్క కింద పడనీలే సారూ, అంతా లోపలికే పోయింది, అంది, మునిశేఖర్ విననట్టు బకెట్టులో నురగ ఎంత వచ్చిందో చూశాడు.

కుప్పంలో మైకు ముందు కూర్చుని ఉన్నాడు పొద్దున, తన వంతు రావాలి, జనాన్ని నవ్వించే మాట ఒకటి నోట్లో చప్పరిస్తున్నాడు, ఫోను, సారూ చుక్కి కడుపు పట్టుకుని పొల్లాడతాండాది, ఏం చేసేది, అంటే ఏం నల్లప్పా, పట్టపగలే చుక్కలు చూపిస్తాందా నీ చుక్కి, అని తనే అన్నాడు, అంటే గుర్రమని తెలుసు, పేరు పెట్టి మరీ తెలుసు, పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు, ఆ నవ్వు చల్లారకముందే నాలుక దానంతటది, అర లీటరు శనగనూనె గొట్టంతో పట్టించప్పా, తర్వాత నడిపించు, నేను వస్తాండా, అనేసింది, పాతికేళ్ళుగా పెద్దమండ్యం ఎద్దుకూ వాల్మీకిపురం బర్రెకూ పుంగనూరు పొట్టి ఆవుకూ చెప్పిన మాటే, మంత్రంలాగా నోటికొచ్చిన మాట, ఆవు తల ఎత్తి పోస్తే మింగుతుంది, గుర్రం తల ఎత్తి పోస్తే గొంతులో దారులు కలిసిపోయి, వద్దు, ఆ పాఠం మాత్రం గుర్తు రావొద్దు, అప్పుడు నిద్రపోయాను కదా, నిద్రపోయినవాడికి గుర్తు రాకూడదు, మైకులో తన పేరు పిలిచారు, లేచి వెళ్ళి ఉబ్బరం మీద జోకు వేశాడు, చప్పట్లు కొట్టారు.

రెండున్నరకు చుక్కి తోక ఎత్తింది, అందరూ ఆగిపోయారు, మొదట గాలి, తర్వాత లద్దె, నాలుగు ఉండలు, పచ్చగా, పొగలు కక్కుతూ, మెరిసే లద్దె, నల్లప్ప దాన్ని చేత్తో తీసి చూపించాడు, ఏసింది సారూ, ఏసింది, చెవులు నిక్కబొడిచింది చూడండి, డొక్క మెత్తబడిందంటే మెత్తబడింది, గుడగుడ వచ్చింది, బందు ఎత్తేశారు, బస్సులు బయల్దేరాయి, నాడి యాభైకి దిగింది, ఎల్లమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, సారూ మీ నోటి మాటే మందు, అంది, కురబలకోట దగ్గర గొర్రెలు అమ్మేసి ఈ గుర్రాన్ని తెచ్చిననాడు ఊరంతా మమ్మల్ని చూసి నవ్వినారు సారూ, గొర్రెలోళ్ళకు గుర్రమెందుకని, ఆరేండ్లుగా ఇదే మాకు పెద్దబిడ్డ, ఇది నడిస్తేనే మేము నడిచేది, అని ఇంట్లోకి పోయి మజ్జిగ తెచ్చింది, పెద్ద చెంబు నిండా, మిరపకాయ నలిపి, తాగుతుంటే కడుపు చల్లబడింది, నయమైపోయింది, నిజంగానే నయమైపోయింది, ఊరికే ఉన్నా నయమయ్యేదేమో, సూది వేసి సన్న గొట్టం వేస్తే చాలేమో, కొద్దిసేపు ఆగమని ఫోన్లో అనుంటే చాలేమో, మందల డాక్టరు, మందుల డాక్టరు, మందబుద్ధి డాక్టరు, ఈ మాట బాగుంది, సాయంత్రం శాంతకుమారికి చెప్పాలి, ఇంట్లో తన జోకులకు నవ్వడం మానేసి పదేళ్ళయిన భార్య, దీనికి మాత్రం నవ్వుతుంది, అప్పుడు చుక్కి దగ్గింది.

ఒక్క దగ్గు, చిన్నది, ముసలాయన ఎవరో లోపల కూర్చుని గొంతు సవరించుకున్నట్టు, మళ్ళీ ఇంకొకటి, ముక్కులోంచి సన్నటి తీగలాగా ఏదో జారింది, ఎండలో మెరిసింది, ఎల్లమ్మ కొంగుతో తుడిచి వాసన చూసి, నూనె సారూ, అంది, మీరు రాకముందు గూడా రెండుమూడు మాట్లు దగ్గినాది, కడుపు నొప్పికేమో అనుకుంటిమి, మజ్జిగ చెంబు ఎక్కడ పెట్టాడో గుర్తు లేదు, స్టెతస్కోపు ఈసారి డొక్కకు కాదు, ముందుకాలి వెనక, పక్కటెముకల మీద, కింద, అక్కడ పొంగుతున్న పాలు పొయ్యి మీద సలసలమన్నట్టు చిన్న చిన్న బుడగలు, కుడి పక్క ఎక్కువ, ఎడమ పక్క తక్కువ, ఒక్కో ఊపిరికీ నూనెలో ఏదో వేగుతున్నట్టు, థర్మామీటరు పెడితే నూట మూడు, కడుపు కదిలింది, ఊపిరి మునుగుతోంది, జీపు వెనక్కి పోయి గౌతమ్‌కు ఫోను చేశాడు, వాడు అంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు, నోట్లో ఎవర్రా పోసింది, పల్లెటూరోళ్ళు రా, తెలీక పోసేసినారు, అన్నాడు మునిశేఖర్, ఎంత సులువుగా వచ్చింది మాట, పొద్దుటి మాట వచ్చినంత సులువుగా, అదే నాలుక, అదే నోరు, గౌతమ్ నిట్టూర్చి, ఊపిరితిత్తుల్లోకి పోయిన నూనె తీసేదానికి లేదు రా, యాంటీబయాటిక్ వెయ్యి, నీడన కట్టు, రెండు మూడు దినాలు చూడు, వాళ్ళకు ఆశ మాత్రం పెట్టొద్దు, అన్నాడు, బెంగుళూరికి తోలుకు రానా అంటే, దారిలోనే పోతాది శేఖరా, అన్నాడు.

సూది వేశాడు, చేతులు వాటంతటవే వేశాయి, గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టు, చేసే పనికీ జరిగేదానికీ సంబంధం లేకుండా, కడుపు నొప్పికి మందు ఉంది, జ్వరానికి ఉంది, పురుగులకు ఉంది, పోసిన నూనెకు లేదు, అన్న మాటకు లేదు, ఏమైంది సారూ, కడుపు బాగైంది గదా, యాల ఇట్ల దగ్గుతాండాది, అని నల్లప్ప అడుగుతున్నాడు, తను సూది తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు, నల్లప్పే జవాబు వెతుక్కున్నాడు, భార్య వైపు తిరిగి, నీవల్లనే, నిదానంగా పొయ్యమంటే బిరబిరా పోసినావు, దాని గొంతుకు అడ్డం పడింది, ఆవులకు పోసిన చెయ్యని ఊరంతా చెప్పుకుంటావు, ఏం చెయ్యి అది, ఎల్లమ్మ ఆ చేతిని తిప్పి చూసుకుంది, అరచేయి, మళ్ళీ వెనక పక్క, ఇన్నేళ్ళు తనదనుకున్న చెయ్యి కాదన్నట్టు, తర్వాత ఆ చేతిని కొంగు కింద దాచుకుంది, చుక్కి మెడ దగ్గరికి పోయి రెండో చేత్తో నిమిరింది, సారూ నేనేమన్నా తప్పు పోస్తినా, అంది మెల్లగా, పొయ్యడంలో తేడా వచ్చిందా, చెప్పండి సారూ, ఏమనుకోను.

ఇక్కడ ఒక తమాషా మాట ఉంటుంది, ఉండాలి, ఎప్పుడూ ఉంటుంది, అందరూ నవ్వి తేలికపడే మాట, మదనపల్లెలో పుట్టినవాడు మదనపడక ఏం చేస్తాడని ఒకటి వచ్చింది, అది తనకే చేదుగా తగిలింది, గొట్టం డాక్టరు, ఏ గొట్టంగాడు చెప్పాడని పోసినావు ఎల్లమ్మా అంటే, అది కూడా నవ్వే, నవ్వులో దాచేయడమే, ఈ నవ్వులన్నీ ఎక్కడికి పోతాయో ఇప్పుడు తెలుస్తోంది, లోపలికి, ఊరుతూ, ఉబ్బుతూ, తను ఇప్పుడు ఏమీ అనకపోతే ఏమవుతుంది, రెండు మూడు రోజుల్లో గుర్రం పోతుంది, డాక్టరు కడుపు నొప్పి బాగు చేసినాడు, ఎల్లమ్మ చేతిలో పోయింది అంటారు, ఈ ఊరి పెండ్లిళ్ళలో, నీళ్ళ ట్యాంకు కాడ, నల్లప్ప కోపం వచ్చినప్పుడల్లా, ఆ చెయ్యి ఇంక ఏ ఆవు తలా ఎత్తదు, కొంగు కిందే ఉంటుంది, తను మాత్రం కుప్పంలో ఇంకో మైకు ముందు కూర్చుంటాడు, చుక్కి మళ్ళీ దగ్గింది, తల కిందికి వేలాడేసి, దాని కళ్ళల్లో కోపం లేదు, అడగడం లేదు, మింగినదాన్ని మింగినట్టే పెట్టుకుని నిలబడి ఉంది, ఏం చేస్తుంది, దానికి వేరే దారి పెట్టలేదు, లోపలికి పోయినది ఎంత విషమైనా వెనక్కి తేలేదు, తనకు ఆ దారి ఉంది, పుట్టినప్పటి నుంచీ ఉంది, గుర్రానికి వాంతి రాదు, మనిషికి వస్తుంది, ఇద్దరి మధ్యా ఉన్న తేడా ఇప్పుడు ఇంతే, ఇది బతకదు, బతికించలేడు, చేతనైంది ఒక్కటే మిగిలింది, అని తెలిసి గొంతు దాకా వచ్చినదాన్ని ఈసారి మింగకుండా, నల్లప్పా, ఎల్లమ్మను ఏమీ అనొద్దు, ఇద్దరూ ఇట్ల రాండి, కూర్చోండి, అన్నాడు, పొద్దన ఫోన్లో నేను చెప్పిన మాటే తప్పు.