చెవికి దాచని గడి

"మా అక్క దరఖాస్తులు మింగేసింది మీరే! ఇంకెవరో అని తప్పించుకోకండి!" ఆసుపత్రి కంప్యూటర్ గదిలో అడుగు పెడుతూనే చెల్లెలు విరుచుకుపడింది.

వెనకే చేతికర్రతో అక్క వచ్చింది. ఆమె టెలిఫోన్ ఆపరేటర్, పుట్టుకతో చూపు లేదు. ఈ ఆసుపత్రి విచారణ కౌంటర్‌లో ఉద్యోగానికి, ఆన్‌లైన్ ఫారంలో ఒక్కో గడీ ఫోన్ చదివి వినిపిస్తుంటే, పదే పదే దరఖాస్తు పెట్టుకుంది. పెట్టిన ప్రతిసారీ "ధన్యవాదాలు, అందింది" అనే వినిపించింది. ఆఫీసుకు మాత్రం ఒక్కటీ చేరలేదు. ఈ సాయంత్రంతో గడువు సరి.

ఆ ఫారం తయారుచేసిన ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో వెతికి చూసి నీళ్ళు నమిలాడు. "మేడమ్, మీరు రెండో ఫోన్ నంబరు గడి నింపారు. అది మనుషులకు కనిపించదు. చెత్త దరఖాస్తులు పంపే బాట్లనే ప్రోగ్రాముల కోసం పెట్టిన ఉచ్చు. అది నింపితే మిషనే అనుకుని సిస్టమ్ పారేస్తుంది."

"నాకు కనిపించే గడి ఏదుంది బాబూ? ఫోన్ అడిగింది, మా చెల్లి నంబరిచ్చాను."

"అడిగినదానికి జవాబు చెప్పడమే మా అక్క చేసిన నేరం!" అంది చెల్లెలు.

అక్కకు ఒళ్ళు మండిపోయింది. మొహం మీదే వద్దన్నా ఇంత కోపం వచ్చేది కాదు. ధన్యవాదాలు చెప్పి మరీ చెత్తబుట్టలో పడేశారు!

"కంటికి దాచారు సరే, చెవికీ దాచాలని తోచలేదా? ఫోన్ ఆ గడిని చదవకుండా చెయ్యండి. చెత్తలో పడ్డ మనుషులందర్నీ బయటికి తియ్యండి. నాతోనే మొదలుపెట్టండి, ఇప్పుడే!"