ఒక్క బంతి పట్టే మేడ

మా ఆవిడ రాగిణి టిఫిన్ సెంటర్ పెడతానని జెర్సీ సిటీ డౌన్‌టౌన్‌లో ఒక మేడ చూపించింది. ఇది మేడా, రెండు మేడల మధ్య సందా అన్నాను. చేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి మరి. ఆ పూట నాకు టిఫిన్ పెట్టలేదు.

నిజానికి అది సందే. ఓనర్ డోరతీగారి తాతకీ పక్కింటాయనకీ పడేది కాదట. ఆయన కిటికీల్లోకి ఎండ రాకూడదని తాత ఆ సందులో మూడంతస్తులు లేపేశాడు. తర్వాత అందులో టోపీల కొట్టు నడిచింది, తాళాల రిపేరు నడిచింది, చివరికి మూతబడింది.

"ఇందులో మనుషులు కూర్చుని తినగలిగితే లీజ్ మీకే. లేదంటే పక్క బిల్డింగ్ వాళ్లకి అమ్మేస్తాను, కూలగొట్టుకుంటారు," అన్నారు డోరతీగారు. ఆదివారం వచ్చి చూస్తానన్నారు.

టేబుళ్లు తెప్పించాం. టేబుల్ వేస్తే కుర్చీ పట్టలేదు, కుర్చీ వేస్తే మనిషి పట్టలేదు. రాగిణి మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నా వెటకారమంతా ఎటు పోయిందో, నాకూ బాధేసింది.

షాంటిలీ అనే ఊళ్లో పెళ్లిళ్లకి వంటలు చేసే రాగిణి పిన్ని జ్ఞానప్రసూనకి ఫోన్ చేశాం. ఆవిడ వచ్చి ఆ చివరిదాకా నడిచి చూసింది.

"ఎదురెదురుగా కూర్చోడం ఎందుకే? బంతి వేయి," అంది.

గోడ పొడవునా ఒకే బెంచీ, దాని ముందు ఒకే బల్ల, బల్లకి అవతల వడ్డించేవాళ్లు నడిచే చోటు. సరిగ్గా సరిపోయింది.

ఆదివారం వీధిలోవాళ్లని పిలిచాం. అందరూ లోపలికంటా జరిగి కూర్చున్నాక డోరతీగారు వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నారు. పిన్ని ఆకులు వేసి ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా వడ్డించింది. పక్క సెలూన్ నీల్ గబగబా తినేసి లేవబోయాడు.

"నో, సిట్. ఎవ్రీబడీ ఫినిష్, దెన్ గెటప్. మా పద్ధతి," అంది పిన్ని.

లేద్దామన్నా దారేదీ? గుమ్మం వైపు చివర డోరతీగారున్నారు. ఆవిడ ఒక్కో ఇడ్లీ ముక్కా తీరిగ్గా నములుతున్నారు. జనం విసుక్కుంటే మొత్తం గంగలో కలిసినట్టేనని నా భయం. కానీ నీల్ పక్కావిడతో కబుర్లలో పడ్డాడు. ఆ కబుర్లు బెంచీ పొడవునా పాకాయి.

డోరతీగారు ఆకు ఖాళీ చేసి, బెంచీ అటు చివరిదాకా చూశారు.

"ఇంట్లో ఒక్కదాన్నే తింటాను. నా కోసం ఇలా ఎవరూ ఆగరు," అన్నారు. రాగిణి వైపు తిరిగారు. "రోజూ ఈ చివరి సీటు నాదే. లీజ్‌లో రాయించు."

రాగిణి కళ్లు తుడుచుకుంటుంటే, పిన్ని డోరతీగారి ఆకులో ఇంకో ఇడ్లీ వేసింది. ఎవరూ లేవలేదు. నీల్ తనకీ ఒకటి వేయమన్నాడు.