ఆమోసు బిళ్ళ

మీనాకుమారికి ఒళ్ళు మండిపోయింది. ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలోని తెలుగు సంఘం వేస్తున్న స్మారక సంచిక ప్రూఫు ఆమె చేతిలో ఉంది. ఎప్పుడో మూతపడ్డ ఇనుప పోత కార్ఖానాలో 1943లో జరిగిన ప్రమాదం గురించి ఫోర్‌మన్ దొర ఇంగ్లీషులో రాసిన రిపోర్టును తెలుగు చేసి అందులో అచ్చేస్తున్నారు. పైన ‘ఉన్నది ఉన్నట్టు’ అని శీర్షిక. కింద మొదటి వాక్యమే: ‘కళాసీ ఆమోసు తాగిన మైకంలో క్రేను గొలుసు సరిగా తగిలించనందున ముగ్గురు మరణించిరి. వారిలో అతడొకడు.’

ఆమోసు ఆమె తాత, తల్లికి తండ్రి. అమావాస్యనాడు పుట్టినందుకు ఆ పేరు.

ఆమె ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పింది. పాత శాసనాల పాఠం వచ్చిందంటే పిల్లల్ని మూడు ప్రశ్నలతో వేపుకు తినేది. రాసిందెవరు? ఎవరికోసం? రాస్తే వాడికేం ఒరిగింది? రాజు చెక్కించిన రాయి మీద రాజు ఓడిపోవడం ఎప్పుడైనా చూశార్రా అని అడిగేది. ఆ పాఠం విన్న గణపతిరావే ఇవాళ ఈ సంచికకు సంపాదకుడు. ఇంకెవరైనా అయితే ఇంత కోపం వచ్చేది కాదు.

తిన్నగా సంఘం ఆఫీసుకు వెళ్ళి ప్రూఫు అతని బల్ల మీద పడేసింది.

“ఏటి గణపతీ ఇది? నా దగ్గర చదివినోడివేనా నువ్వు?”

“దొర అదే రోజు రాసిన కాగితం టీచర్‌గారూ. అంతకన్నా సాక్ష్యం ఏటుంటాది?”

“గొలుసు బాగుందో లేదో చూడాల్సినవాడు ఆ దొరే. ముగ్గురు చస్తే తప్పు నాదని రాసుకుంటాడా? మా తాత చుక్క ముట్టనోడు. ఆ ఏడు మాతా పూజకి నిష్ఠగా అమ్మవారి ఘటం ఎత్తినాడు.”

గణపతిరావు తల దించుకునే అన్నాడు. “అది మీ ఇంట్లోవోల్లు సెప్పిన మాటే కదండీ. మీ మూడు ప్రశ్నలూ దానికి మాత్రం అడగొద్దా?”

ఆమె ప్రూఫు మళ్ళీ చేతికి తీసుకుంది. సాయంత్రం అయిదింటికి పేజీలు ప్రెస్సుకు వెళ్తాయనీ, ఈలోగా ఏదైనా ఆధారం తెస్తే ఆపుతాననీ అతనే చెప్పాడు.

ఇంటికొచ్చి, ప్రమాదం నాటికి తొమ్మిదేళ్ళ పిల్లయిన తల్లి సింహాచలమ్మ ముందు కూర్చుని రిపోర్టు మొత్తం చదివింది. చదువుతూ దొరను నానా తిట్లూ తిట్టింది. ముసలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

“తాగినాడే,” అంది.

“ఏటి?”

“మా అయ్య తాగినాడు. ఇంటికి తెచ్చినప్పుడు నోరు కంపు కొట్టింది. అమ్మ పసుపునీళ్ళతో మూడుసార్లు కడిగి, ఎవులికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది.”

మీనాకుమారి కోపం ఎటు పోవాలో తెలియక తల్లి మీదికే మళ్ళింది. “ఎనభై ఏళ్ళు నోరు మూసుకున్నావా? నేనీ వాడంతా తిరిగి చుక్క ముట్టలేదని చెప్పుకున్నాను.”

“నువ్వు సెప్పుకున్నావు. నేనొక్కనాడూ సెప్పలేదు.”

నిజమే, ఆమె ఎన్నడూ చెప్పలేదు. తండ్రి పరువు పోయే మాట చెబితే ఈ ముసలిదానికి ఒరిగేదేముంది? ఏమీ లేదు. అందుకే మీనాకుమారి ఆ మాట నమ్మక తప్పలేదు.

అయినా కాగితం వదల్లేదు. రెండో పేజీలో దొర తన కాపలా గురించి గొప్పలు పోయాడు. ‘గేటు వద్ద ఎట్టి లోపమూ లేదు. ఆమోసు బిళ్ళ, నంబరు 214, ముందురోజు ఉదయం ఆరు నుండి బోర్డుమీదనే యున్నది.’ ప్రమాదం మర్నాడు మధ్యాహ్నం రెండింటికి.

“అమ్మా, ఈ బిళ్ళ ఏటి?”

“లోపలికెళ్ళినోడు ఇత్తడి బిళ్ళ బోర్డుకి తగిలిస్తాడు. బయటికొచ్చినప్పుడు తీసుకుంటాడు. బిళ్ళ బోర్డు మీదుంటే మనిషి లోపలున్నట్టే.”

“నువ్వు తాతకి అన్నం తీసుకెళ్ళిన కేరేజీలో ఎవరైనా మందు పోసి పంపారేమో?”

“గేటుకాడ దర్వాన్ ప్రతి గిన్నె మూతా తీసి సూసేవోడు.”

మీనాకుమారి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ముప్పై రెండు గంటలు. ముప్పై రెండు గంటలు గేటు దాటని మనిషికి మందు లోపలే దొరికింది. తన చేతికి మట్టి అంటకూడదని దొర రాసుకున్న మాటే అతన్ని పట్టిచ్చింది. అంతసేపు మనిషిని పనిలో నిలబెట్టినవాడూ, గేటు చేతిలో ఉన్నవాడూ ఆ దొరే.

నాలుగున్నరకు ఆఫీసులో ఉంది.

గణపతిరావు విన్నాడు. “పోనీ టీచర్‌గారూ, ఆ తాగిన ముక్క తీసేద్దాం. మీ పరువు దక్కుతాది, గొడవా ఉండదు.”

“ఒక్క అక్షరం తీసినా ఊరుకోను. తాగాడనీ వెయ్యి, బిళ్ళ సంగతీ వెయ్యి. ఆ ‘ఉన్నది ఉన్నట్టు’ మాత్రం కొట్టేసి, ‘ఫోర్‌మన్ రాసుకున్నది’ అని పెట్టు. కింద ఇది వెయ్యి.”

అతని పెన్ను లాక్కుని ప్రూఫు అంచున రాసింది:

‘ఆమోసు తాగిన మాట నిజం. చెప్పింది అతని కూతురు సింహాచలమ్మ. ముప్పై రెండు గంటలు గేటు దాటని మనిషికి మందు ఎవరిచ్చారు? రిపోర్టులో ఆ మాట లేదు. ఇది రాసింది ఆమోసు మనవరాలు. ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.’