ఒక్క వరుస జవాబు

మా నాయన దావీదుకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఆళ్ళగడ్డ బడిలో ఐదో తరగతికి లెక్కలు చెబుతూ, చేసిన దారి చూపించని జవాబు ఏదైనా పక్కవాడిదేనని తేల్చేసేవాడు. అలాంటి మనిషికి, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, నంద్యాల హాస్టలు వరండాలో నా బీఎస్సీ పరీక్ష పేపరు చూపించి శభాష్ అనిపించుకుందామనుకున్నాను చూడండీ, నాకు బుద్ధి లేదు.

cos t² ను సున్నా నుంచి x వరకు సమాకలనం చేసి, వచ్చినదాన్ని అవకలనం చెయ్యమని ప్రశ్న. నేను రాసింది ఒకే వరుస: cos x². పూర్తి మార్కులు.

"లెక్క యాడ?" అన్నాడు నాయన.

"అంతే నాయనా."

"ఎవురిది చూసి రాసినావ్ లూదియా? పెట్టె సర్దుకో, ఇంటికి పోదాం. సదివింది చాలు."

నేను నచ్చజెప్పబోయాను. "పొద్దున్నుంచి తొట్లోకి కాలవ నీళ్ళు పడతాండాయనుకో. తొట్టి ఇప్పుడు ఎంత బిరీన నిండుతాందంటే, ఇప్పుడు పడే ధార ఎంతో అంత. దానికి మొత్తం నీళ్ళు కొలవాల్నా?"

"మాటలు బాగనే నేర్చినావ్."

నా పాఠం పుస్తకం తెరిచి ఇంకో లెక్క మీద వేలు పెట్టాడు. ఇందులోనూ cos t² యే, పై హద్దు మాత్రం x కాదు, x². "ఇది కాగితం మీద చెయ్. టీ తాగొస్తా."

జవాబులు అదే పుస్తకం చివర ఉన్నాయి. ఆయన టీ అంగడికి పోనే లేదు. గోడ చాటున నిలబడి నన్నే చూస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది. చివరి పేజీ వైపు కన్నెత్తకుండా ఒక్క వరుస గీకి పారేశాను: cos x⁴.

నాయన వచ్చి పుస్తకం చివర తిప్పి చూశాడు. "ఈడ ముందర 2x ఉంది. నీదాంట్లో ఏదీ?"

అయ్యో! హద్దు x² అయినప్పుడు ఆ హద్దు పెరిగే వేగంతో కూడా గుణించాలి. కోపంలో మరిచాను. ఇంక పెట్టె సర్దుకోవాల్సిందే అనుకున్నాను.

ఆయన పుస్తకం మూశాడు. "జవాబు చేతిలో పెట్టుకోని తప్పు రాసినావంటే, నువ్వు చూసి రాసే మనిషివి కాదులే. సదువుకో."

చదువు నిలబడింది. ఏడుపు మాత్రం ఆగలేదు. "ఒప్పు రాస్తే దొంగనంటివి. తప్పు రాస్తే నమ్ముతాండావా నాయనా?"

ఆయన బస్సుకు టైమైందని లేచి, నేను తప్పు రాసిన కాగితాన్నే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ అమ్మకు చూపిస్తా," అన్నాడు.