రెండు దువ్వెనలు

పొలం ఎలుక పేల సీసాలో పందికొక్కు పేను కనిపించేసరికి మైక్రోస్కోపు మీద వంగిన సుబ్బరత్నం లేచి సీసా మీది చీటీ ఇంకోసారి చదివింది. పైకి రెండింటి మీది పేలూ కవలపిల్లల్లాగే ఉంటాయి. క్రోమోజోములు చూస్తేనే గుట్టు బయటపడుతుంది: పందికొక్కు పేనుది ఒక వంశం, ఎలుక పేనుది ఇంకో వంశం. పేను పుట్టిన ఒంటి మీదే పిల్లల్ని కని అక్కడే చస్తుంది కాబట్టి ఆ వంశాలు కలవవు. దానికి అత్తవారిల్లంటూ లేదు మరి. అదే ఆమె థీసిస్. ఇప్పుడీ ఒక్క పేను ఏళ్ళ కష్టాన్నంతా అబద్ధం అంటోంది.

"దాన్ని అవతల పారేసి రాసెయ్యమ్మా," అన్నాడు గైడు కాశీరావు. "ఇల్లాలి చేతులు! వంట ధ్యాసలో ఎక్కడో కలిపేసుంటావు."

ఆమె పారెయ్యలేదు. సిటీబస్సు ఇల్లున్న పటమట చేరేలోపు మొన్నటి ఆదివారాన్ని మొత్తం తిరగేసుకుంది. చల్లపల్లి పొలాల నుంచి తెచ్చిన జంతువులు, దేని సంచి దానిదే. పెరట్లో తెల్లకాగితం పరిచి, చచ్చిన జంతువును దువ్వి పేలు రాల్చడం. ఎలుకలకు ఎర్రదారం కట్టిన దువ్వెన, పందికొక్కులకు నల్లదారం కట్టినది. మధ్యలో అత్తగారి కేక: "ఆ పేల చదువు ఆపి అట్లు పొయ్యవే! నీ ఆడపడుచులు ఆకలితో కూర్చున్నారు." పోసింది. ఆఖరి వాయి దింపి వచ్చేసరికి ఇవాళ తేడా పేను దొరికిన ఆ చివరి ఎలుక సీసా అప్పటికే నిండి ఉంది. హడావిడిలో తనే నింపి మరిచిపోయాననుకుంది. ఈ ఇంట్లో తన మీద తనకి అనుమానం రావడం అలవాటైపోయింది.

ఇంటికి రాగానే వంటింటి వైపు పోకుండా సంచులు సర్దింది.

"మళ్ళీ ఎలుకల కోసం చల్లపల్లి వెళ్తున్నా. వచ్చేదాకా వంట మీదే," అంది భర్త సంజీవరావుతో.

"ఏమైందే?"

"చివరి ఎలుకని ఎవరో నల్లదారం దువ్వెనతో దువ్వారు. ఇల్లాలి చేతులే కలిపేశాయంటున్నారు మా సారు. నేను కాదు. నా చేతుల సంగతి నాకు తెలుసు."

సంజీవరావు పేపరు మడిచాడు. గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"నేనే, రత్నం. అట్లు మధ్యలో వదిలేసి నువ్వు మళ్ళీ ఎలుకల దగ్గరికి పోతావని, ఆ మిగిలిన ఒక్కదాన్నీ నేనే దువ్వేశా. చేతికందిన దువ్వెన తీసుకున్నా. మనింట్లో అందరికీ ఒకటే కదా, ఎలుకలకి రెండెందుకులే అనుకున్నా. మగాడు పేలు దువ్వాడంటే నవ్వుతారని నోరు మూసుకున్నా. రేపు నీతో కాలేజీకి వచ్చి మీ సారుకి నేనే చెబుతా, కలిపింది ఇల్లాలి చేతులు కాదండీ, నావని."